మాట ఉంది, రాత ఏది?

కోలారు, చిక్కబళ్లాపురం, పావగడ, బళ్లారి ప్రాంతాల్లో ఎన్నో ఇళ్లలో గడప లోపల వినబడేది తెలుగే. పొయ్యి దగ్గర తెలుగు, పొలం గట్టున తెలుగు, పెళ్లి పందిట్లో తెలుగు. 2011 జనాభా లెక్కల్లో కర్ణాటకలో సుమారు 35 లక్షల మంది తమ మాతృభాష తెలుగని చెప్పారు. మాటకైతే లోటు లేదు. కానీ ఇంట్లో బడికి పోయే పిల్లవాడికి ఒక తెలుగు పెళ్లిపత్రిక ఇచ్చి చదవమనండి. చాలా ఇళ్లలో ఆ పత్రిక తిరిగి తాత చేతికే వస్తుంది.

మాట్లాడుతున్నారు కదా, చదవడం రాకపోతే ఏం నష్టం అని మీరు అడగవచ్చు. అవ్వ రాసిపెట్టుకున్న మంగళహారతుల నోటుపుస్తకం, మదనపల్లె నుంచో హిందూపురం నుంచో మేనమామ రాసిన పాత ఉత్తరాలు, తాతలనాటి కాగితాలు పెట్టెలో భద్రంగానే ఉంటాయి. చదివే మనిషి వెళ్లిపోయిన మర్నాటి నుంచి అవి ఉన్నా లేనట్టే.

మాతృభాషలో ప్రాథమిక విద్యకు తగిన వసతులు కల్పించడానికి రాష్ట్రాలు ప్రయత్నించాలని మన రాజ్యాంగంలోని 350-ఏ అధికరణం చెబుతుంది. 1956లో ఏడవ సవరణ ద్వారా అది చేరింది. అడగడం మన హక్కు, అడుగుదాం. అయితే బడి వచ్చేవరకు పిల్లల వయసు ఆగదు కదా!

ఇక్కడ మనకొక సదుపాయం ఉంది. కన్నడ లిపి, తెలుగు లిపి ఒక తల్లి బిడ్డలు. కొన్ని వందల ఏళ్లపాటు శాసనాల్లో రెండు భాషలకూ వాడిన లిపి ఒకటే. పండితులు దానిని తెలుగు-కన్నడ లిపి అంటారు. అందుకే కన్నడం చదివే పిల్లవాడికి అ, ఆ, ఇ, గ, జ, ద, న, బ, ర, ల వంటి అక్షరాలు చూడగానే పోలిక తెలుస్తాయి. తలకట్టు ఒక్కటే మారుతుంది. కన్నడంలో అది అడ్డగీతలా ఉంటుంది, తెలుగులో టిక్కుపెట్టినట్టు ఉంటుంది. క, త, శ వంటి కొన్నింటిని మాత్రం కొత్తగా దిద్దించాలి.

గుణింతంలో ఒక తేడా చెప్పండి. కన్నడంలో కీ, కే, కో రాయాలంటే అక్షరం పక్కన దీర్ఘానికి వేరే గుర్తు పెడతారు. తెలుగులో గుడి, ఎత్వం, ఒత్వం తామే రూపు మార్చుకుంటాయి. ధర్మం అనే మాటలో రకారానికి కన్నడంలో మకారం తరువాత గుర్తు వేస్తారు. మన పాత తెలుగు పుస్తకాల్లోనూ వలపలగిలక అని అలాంటి గుర్తే ఉండేది. కనుక అవ్వ దగ్గరి పాత పుస్తకంలో ఆ గుర్తు కనబడితే కన్నడం చదివిన పిల్లవాడే ముందుగా పోల్చుకుంటాడు!

రెండు లిపులు కలిసి పిల్లలు తికమక పడరా అని తల్లిదండ్రులు భయపడతారు. కొన్నాళ్లు కలగలుపుతారు, నిజమే. అందుకే కన్నడం చదవడం గట్టిపడ్డాక, మూడో తరగతిలోనో నాలుగో తరగతిలోనో మొదలుపెట్టండి. రోజుకు పది నిమిషాలు చాలు. మొదట ఇంట్లోవాళ్ల పేర్లు, తరువాత ఆంధ్ర వైపు నుంచి వచ్చే బస్సుల మీది ఊరి పేర్లు, ఆపైన పెళ్లిపత్రికలు.

ఇక అసలు మాట. అక్షరం అన్నీ చెప్పదు. చాప, చుక్క అన్నప్పుడు చకారం నాలుక పళ్లకు తగిలి పలుకుతుంది. చిలుక, చెట్టు అన్నప్పుడు అలా కాదు. రాతలో మాత్రం రెండింటికీ ఒకటే అక్షరం. ఈ తేడా పెద్దల నోటినుంచి చెవికి ఎక్కవలసిందే. చదువురాని అవ్వకు అక్షరం తెలియకపోవచ్చు, పలుకు తెలుసు. మనవడికి అక్షరం వస్తుంది, పలుకు రాదు. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టండి. అతడు చదవాలి, ఆమె సరిదిద్దాలి. ఇద్దరూ ఇంట్లో ఉన్నప్పుడే ఈ పాఠం సాగుతుంది.

కైవారం తాతయ్యగా మనం కొలిచే యోగి నారేయణులు తెలుగులోనూ కన్నడంలోనూ తత్వాలు పాడారు. ఒక భాష పట్టుకుని రెండోది వదలమని ఈ నేల మనకు నేర్పలేదు. తెలుగు రాత ఇంకా రాకపోతే, అవ్వ పాటలను ముందు కన్నడ అక్షరాల్లోనైనా రాయించి పెట్టండి. పాట నిలుస్తుంది. కానీ అక్కడితో ఆగకండి. పెట్టెలోని ఆ నోటుపుస్తకాన్ని ఈ ఆదివారమే బయటికి తీసి, మొదటి పేజీని అవ్వ పక్కన కూర్చుని చదివించండి.