వేడి, దుమ్ము, ఉప్పుగాలి.. యాంప్లిఫయర్‌కు ముప్పు

వినాయక నవరాత్రులు, పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే మైక్‌సెట్లకు తీరిక ఉండదు. వాటి అద్దెపైనే బతికే కుటుంబాలకు యాంప్లిఫయర్ పాడైతే ఉపాధికే గండి పడుతుంది. ఒకే రకం యాంప్లిఫయర్ ఒకరి వద్ద ఏళ్ల తరబడి పనిచేస్తే, మరొకరి వద్ద త్వరగా మూలన పడటానికి వాడకం, వాతావరణమే ప్రధాన కారణాలు.

అన్నింటికంటే పెద్ద శత్రువు వేడి. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లలోని ద్రవం వేడికి క్రమంగా ఆవిరవుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సుమారు సగానికి తగ్గుతుందన్నది సాంకేతిక నిపుణుల లెక్క. హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము పేరుకుంటే వేడి బయటకు పోదు. తీర ప్రాంతాల్లో తేమతో కూడిన ఉప్పుగాలికి కనెక్టర్లు చిలుము పడతాయి.

స్పీకర్ల సంఖ్య పెంచడమూ ప్రమాదమే. 8 ఓమ్‌ల స్పీకర్లు నాలుగింటిని సమాంతరంగా కలిపితే నిరోధం 2 ఓమ్‌లకు పడిపోతుంది. కనీసం 4 ఓమ్‌లకు రూపొందించిన యాంప్లిఫయర్‌పై అధిక కరెంటు భారం పడి ట్రాన్సిస్టర్లు కాలిపోవచ్చు. జనరేటర్ వోల్టేజీ హెచ్చుతగ్గులూ చేటు చేస్తాయి.

యాంప్లిఫయర్‌ను ఎండలో ఉంచకుండా, పైన గుడ్డ కప్పకుండా, చుట్టూ గాలి ఆడేలా అమర్చాలి. సీజన్ ముగిశాక దుమ్ము దులిపించి, పొడి ప్రదేశంలో భద్రపరచాలి. ఖాళీగా ఉన్న నెలల్లోనూ అప్పుడప్పుడు ఆన్ చేస్తుండటం మేలు.