ప్రమాద సూచక సైరను

ఉపద్రవము ముంచుకొని వచ్చునపుడు ఊరంతటిని ఒక్కసారిగ హెచ్చరించు సాధనము సైరను. ఇందు రంధ్రములుగల చక్రమును మోటారు గిరగిర త్రిప్పును. చుట్టునున్న కవచమునకును రంధ్రములుండును. అవి ఎదురెదురైనపుడు గాలి వెలికి దుముకును, తప్పినపుడు ఆగును. చక్రమునకు 10 రంధ్రములుండి, అది సెకండుకు 50 మార్లు తిరిగినచో 500 కంపనముల నాదము పుట్టును. మోటారు నెమ్మదించినకొలది కూత దిగజారును.

అమెరికాలో 1952లో వెలువడిన క్రైస్లర్ సైరనుకు 180 అశ్వశక్తిగల ఇంజను ఉండెను. 100 అడుగుల దూరమున దాని ధ్వని 138 డెసిబెల్లు! అట్టి పాతవానిని బాగుచేసి, మ్రోగించి విని ఆనందించు ఔత్సాహికులు అచ్చట నేటికిని కలరు. సరదాయే గాని, చెవులకు రక్షణ లేక దగ్గర నిలిచినవారి వినికిడి శాశ్వతముగ చెడవచ్చును.

దూరము రెట్టింపైనపుడెల్ల ధ్వని సుమారు 6 డెసిబెల్లు తగ్గును. కావున సైరనును ఎత్తయిన స్తంభముపై నిలుపవలెను. హోరుగాలిలో తలుపులు మూసి నిద్రించువారికి అదియు వినబడకపోవచ్చును. ముందుగనే దండోరా వేయించుట పంచాయతీవారు మానరాదు.