వార్తల్లో పదం: తెలిసి ఇచ్చే సమ్మతి

జుక్కల్ నుంచి ఆపరేషన్‌కు నిజామాబాద్ వెళ్లినా, సరిహద్దు దాటి నాందేడ్ వెళ్లినా, ముసలివాళ్ల విషయంలో సమ్మతి పత్రం తరచూ కొడుకు చేతికే వెళ్తుంది. చికిత్స ఏమిటో, దాని మంచిచెడులేమిటో తెలుసుకుని రోగే ఒప్పుకోవడం తెలిసి ఇచ్చే సమ్మతి. కొడుకు పెట్టే సంతకానికి చట్టంలో మనం అనుకునేంత విలువ లేదు. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. లాపరోస్కోపీ పరీక్ష కోసం మత్తులో ఉన్న 44 ఏళ్ల మహిళకు, తల్లిని అడిగి గర్భసంచి తీసేశారు. ప్రాణాపాయం లేనప్పుడు మెలకువ వచ్చేదాకా ఆగి ఆమెనే అడగాలని, తల్లి అనుమతి చెల్లదని కోర్టు చెప్పింది. మరి మతి స్థిమితంగా ఉన్న తండ్రి తరఫున కొడుకు మాట ఎలా చెల్లుతుంది?

నిజం చెబితే పెద్దాయన బెంగపెట్టుకుంటాడని, ఖర్చు పిల్లలదే కదా అని అంటారు. బెంగ నిజమే. కానీ మోకాలి చిప్ప మార్చాక నొప్పి ఓర్చుకుంటూ కాలు మడిచి చాపాల్సింది ఆయనే. ‘నాకొద్దు, పెద్దోడికి చెప్పండి’ అని ఆయనే అంటే అదీ ఆయన నిర్ణయమే. అడక్కుండా అలా అనేసుకోవడం వేరు. తెలుగు, మరాఠీ, కన్నడ కలగలిసిన ఈ ప్రాంతంలో ఇంగ్లిష్ ఫారం మీద వేలిముద్ర వేయించుకుంటే అది సమ్మతి కాదు, ఆస్పత్రికి రక్షణ మాత్రమే. స్పృహ ఉండగానే తన మాట రాసిపెట్టుకునే వీలూ ఉంది. కోలుకునే ఆశ లేనప్పుడు కృత్రిమంగా ప్రాణం నిలబెట్టే చికిత్స వద్దని ముందే రాసుకోవడాన్ని సుప్రీంకోర్టు 2018లో అంగీకరించింది. 2023లో ఆ పద్ధతిని సులువు చేసింది: ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ ఉంటే చాలు.