మన కాగితం ఆఫీసులో ఎక్కడికి పోతుంది?



పది అయ్యాక ఇంటర్‌లో చేరాలన్నా, స్కాలర్‌షిప్ రావాలన్నా కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం కావాలి. ఆ కాగితం టైముకి రాకపోతే ఎన్ని మార్కులొచ్చినా సీటు పోద్ది. అందుకే ఆఫీసులో పని ఎలా జరుగుతుందో మనం తెలుసుకోవాలి.

1985కి ముందు తాలూకా ఆఫీసులే ఉండేవి. కొండ మీద ఊళ్ళకి అవి చాలా దూరం. 1985లో మండలాలు వచ్చి ఆఫీసు కొంచెం దగ్గరయింది. కానీ పని పద్ధతి మారలేదు. దరఖాస్తు ఇస్తే దాన్ని ఫైల్లో పెడతారు. ఫైలు ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదకి పోవాలి. ఏ బల్ల దగ్గర ఆగిందో బయట ఉన్నవాళ్ళకి తెలియదు. "రేపు రండి" అంటే మన పెద్దవాళ్ళు కూలి మానుకుని మళ్ళీ కొండ దిగాలి. ఒక్క సంతకానికి మూడు నాలుగు రోజుల కూలి పోయేది.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో దస్తావేజుని పెద్ద పుస్తకాల్లోకి చేత్తో ఎక్కించేవారు. అందుకు చాలా రోజులు పట్టేది. 1998 నుంచి ఆ పని కంప్యూటర్‌లో మొదలయింది. 2001లో హైదరాబాదులో ఈ-సేవ, 2011లో మీసేవ, 2019లో ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయాలు వచ్చాయి. 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో వాట్సాప్‌లో కూడా కొన్ని సేవలు మొదలుపెట్టారు.

అసలు మారిందేమిటి? మూడు సంగతులు.

ఒకటి, నంబరు. దరఖాస్తు ఇవ్వగానే రసీదు వస్తుంది. దాని మీద నంబరు ఉంటుంది. ఆ నంబరు కొడితే కాగితం ఎవరి దగ్గరుందో కనపడుతుంది.

రెండు, గడువు. ఏ పని ఎన్ని రోజుల్లో చెయ్యాలో ముందే రాసి ఉంటుంది. ఆలస్యమైతే పై అధికారికి కూడా తెలుస్తుంది.

మూడు, డిజిటల్ సంతకం. 2000 సంవత్సరపు ఐటీ చట్టం ప్రకారం అది చేతి సంతకంతో సమానం. అధికారి క్యాంపులో ఉన్నా సంతకం పెట్టొచ్చు.

అయితే మిషను వచ్చినంత మాత్రాన అన్నీ అయిపోవు. ఊళ్ళోకి వచ్చి విచారణ చెయ్యాల్సింది మనిషే. ఆయన రాకపోతే కంప్యూటర్ ఏం చేస్తుంది? మన కొండల్లో చాలా చోట్ల సిగ్నల్ ఉండదు, వానాకాలం కరెంటు పోద్ది. ఇంకో సంగతి, మన ఇంటిపేర్లు, ఊరి పేర్లు బయట నుంచి వచ్చినవాళ్ళకి కొత్త. ఒక్క అక్షరం తప్పు కొడితే ఆధార్‌లో ఒకలాగ, స్కూలు రికార్డులో ఒకలాగ ఉంటుంది. అది సరిచేసుకోడానికి మళ్ళీ తిరగాలి. మన భాష తెలిసిన మనిషి ఒక్కరు ఆఫీసులో ఉంటే ఇలాంటి తప్పులు చాలా తగ్గుతాయని నా అభిప్రాయం.

కాబట్టి మనం చెయ్యాల్సినవి:

1. రసీదు లేకుండా ఆఫీసు నుంచి రావద్దు. నంబరు నోటుబుక్‌లో రాసుకోవాలి.
2. సబ్మిట్ కొట్టకముందే పేరు, పుట్టినతేదీ మనమే చదివి చూసుకోవాలి.
3. జూన్ దాకా ఆగకుండా ముందే దరఖాస్తు పెట్టుకోవాలి.
4. గడువు దాటినా పని కాకపోతే సమాచార హక్కు చట్టం, 2005 ఉంది. "నా దరఖాస్తు ఏమయింది?" అని తెల్లకాగితం మీద రాసి అడగొచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసులో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు.

మా అయ్యకి చదువు రాదు. మా ఊళ్ళో చాలామందికి రాదు. వాళ్ళకి రసీదు మీద నంబరు ఒక గీతలాంటిదే. దాన్ని చదివి చెప్పాల్సింది మనమే. సెలవులకి ఇంటికి పోయినప్పుడు ఇరుగుపొరుగు వాళ్ళ రసీదులు కూడా చూసి పెడదాం. మనం చదువుకున్న చదువు ముందు మన ఊరికి పనికిరావాలి.

ఇంతటితో ముగిస్తున్నాను.

– 9వ తరగతి విద్యార్థిని