పెట్రోలు బంకు - పెరటి బోరు

మన సికిందరాబాదు వీధులలో పెట్రోలు బంకులను నిత్యము చూచుచున్నను, వాటి క్రింద నేమున్నదని విచారించు గృహిణులు అరుదు. పైన కనబడు యంత్రములు స్వల్పములు. అసలు సరుకు నేలలో పూడ్చిన ట్యాంకులలో నుండును. ఇనుము తేమమట్టిలో ఏండ్లతరబడి యుండిన తుప్పుపట్టును. గొట్టముల అతుకులు సడలును. అపుడు బొట్టుబొట్టుగా కారు చమురు భూజలమును చేరుట కవకాశము గలదు. ఆ జలమునే మనము బోరుతో తోడుకొనుచున్నాము.

వరాహమిహిరాచార్యుడు బృహత్సంహితయందు దకార్గళ మను అధ్యాయమున, మనుష్యదేహమున సిరలున్నట్లే భూమియందును జలసిరలు మీదను క్రిందను వ్యాపించియున్నవని చెప్పినాడు. మా తండ్రిగారు మా కా భాగమును ఇంటనే పాఠము చెప్పిరి. ఈ పట్టణపు నేలకు ఆ పోలిక చక్కగా నొప్పును. ఇచట పైన కొంతమేర చితికిన మొరము, దాని క్రింద గ్రానైటు బండ. ఆ బండలోని పగుళ్ల వెంటనే నీరు సాగును. బన్సీలాలుపేట మెట్లబావి పూడికను తీయగా ఊటలు మరల పుట్టినవి. 2022 డిసెంబరులో దానిని ప్రజల కొరకు తెరచిరి. నీటికి త్రోవ యిచ్చు పగుళ్లే చమురునకును త్రోవ యిచ్చును. అందుచే బంకు ప్రక్కయింటి బోరు నిర్మలముగా నుండి, రెండు వీధుల కావలి బోరు చెడుటయు సంభవమే.

చెన్నపట్టణమున, మన తెలుగువారు తరతరములుగా కాపురమున్న ఉత్తరభాగమందలి తండయారుపేటలో, 2013వ సంవత్సరమున బోరులలో చమురు కనబడెను. అచట దోషము ట్యాంకుది గాక, రేవు వైపునుండి చమురు తెచ్చు భూగర్భ గొట్టముది. వ్యవహారము హరిత న్యాయాధికరణము దాక పోయెను. అమెరికాలోని శాంటామోనికా నగరమున 1996లో పెట్రోలులో కలుపు ఎం.టి.బి.ఇ. అను ద్రవ్యము బావులలో చేరుటచే, ఆ నగరమునకు వచ్చు నీటిలో ఇంచుమించు సగము నిలిచిపోయెను. ఆ దేశమున కారిన ట్యాంకుల సంఖ్య ఐదు లక్షలకు పైమాట.

పెట్రోలులోని బెంజీను రక్తమునకు సంబంధించిన క్యాన్సరును కలిగించును. త్రాగునీటిలో అది లీటరునకు 0.01 మిల్లీగ్రామునకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయము. మన ముక్కు దానిని పసిగట్టుటకు అంతకు అనేక రెట్లుండవలయును. కావున వాసన లేదని ధైర్యపడరాదు. మే మెరిగిన యొక యింట బోరునీరు కిరసనాయిలు వాసన వేయుచున్నదని గర్భవతియగు కోడలు మొరపెట్టగా, పెద్దలు కాచి త్రాగుమనిరి! కాచిన ఆ యావిరి వంటయింటనే నిండును. నిప్పు దగ్గర అది మరియు ప్రమాదము. దకార్గళములో చెడునీటికి చెప్పిన చిల్లగింజ, ఉసిరిక మొదలగు చూర్ణములు బురదకు పనికివచ్చునేమో గాని పెట్రోలునకు పనికిరావు.

కారుట కనిపెట్టు ఉపాయములలో మొదటిది లెక్క. నిన్నటి నిలువ, వచ్చిన సరుకు కూడి, అమ్మినది తీసివేసి, కొలకఱ్ఱ చూపిన దానితో సరిచూతురు. వేడికి పెట్రోలు ఉబ్బును గనుక స్వల్పభేదము సహజము. దినదినము తరుగే వచ్చిన నది సహజము గాదు. బడిపంతులుగారి యింట నుండుటచే, కుదరని లెక్క యున్నచో మాకు నిద్రపట్టదు. బంకువారికిని అట్లే యుండిన బాగు. రెండవది పరిశీలనపు బావి. ట్యాంకుల చుట్టును సన్నని బోరులు వేసి, చీలికలు గల గొట్టము దింపుదురు. పెట్రోలు నీటికంటె తేలిక గనుక పైన తేలును. పారదర్శకమగు గొట్టముతో తోడిన ఆ పొర కంటికే తెలియును. నీటిలో కరిగిన బెంజీనును మాత్రము ప్రయోగశాలయే చెప్పవలెను.

2020 జనవరిలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి, క్రొత్త బంకు పాఠశాలలకును నివాసములకును 50 మీటర్లు ఎడముండవలెననియు, స్థలము చాలనిచోట సైతము 30 మీటర్లకు తగ్గరాదనియు నియమించెను. మంచిదే. కాని రాతిపగులు మీటర్లు లెక్కించి ఆగునా? దూరముకంటె కొలత ముఖ్యమని మా తలంపు.

అనుమానమున్న సోదరీమణులు ఆ నీటిని త్రాగుట, వండుట తక్షణము మానవలెను. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి కార్యాలయము సనత్‌నగరమున నున్నది. అచట వ్రాతమూలముగా ఫిర్యాదు చేయవచ్చును. పరీక్షకు నీరు పట్టునపుడు ప్లాస్టికు సీసా పనికిరాదు. గాజుసీసాను అంచువరకు నింపి, లోన గాలిబుడగ లేకుండ మూతబిగించి, మంచుగడ్డలలో నుంచి త్వరగా చేర్చవలెను. లేనిచో బెంజీను ఆవిరియై పోవును. వేసవిలో ఒకమారు పంపినది చాలదు. వానలకు నీటిమట్టము లేచినపుడు పగుళ్ల నంటియున్న చమురు మరల కదలును గనుక, శ్రావణ భాద్రపదములలో ఇంకొకమారు పంపవలెను.