పాట లేని ప్లేటు

కొండ మీద మేళం, కింద డీజే. తిరుమలలో తాళి కట్టించి, సాయంత్రం తిరుపతిలో రిసెప్షన్ పెట్టుకునే పెళ్లిళ్లలో ఇది మామూలే. కాబట్టి డీజే అంటే ఏమిటో మా ఇంటర్ పిల్లలకు చెప్పే పని లేదు. నేను క్లాసుకు పట్టుకెళ్లింది మాత్రం వాళ్లు చూడని సరుకు: టైమ్‌కోడ్ రికార్డు. చూపుకు పాత ఎల్పీ రికార్డే. రికార్డు ప్లేయర్ మీద పెట్టి స్పీకరుకు కలిపితే కీచుమని ఒకటే మోత. అదే ల్యాప్‌టాప్‌కు కలిపి మిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిస్తే, హార్డ్ డిస్కులోని ఏ పాటైనా ఆ ప్లేటు చెప్పినట్టు వింటుంది. చేత్తో వెనక్కి లాగితే పాట వెనక్కి నడుస్తుంది. ముల్లు ఎత్తి మధ్యలో పెడితే మధ్యలోంచి అందుకుంటుంది.

"ప్లేటులో పాటే లేదు గదా సార్, మరి కంప్యూటర్‌కు ఎట్ల తెలుస్తాది?" అన్నాడు వెనక బెంచీ కుర్రాడు.

వేగం తెలియడం తేలిక. సెరాటో కంపెనీ ప్లేటులో గాడి పొడుగునా ఉన్నది 1000 హెర్ట్‌జ్ స్వరం. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగినప్పుడు ఆ లెక్క. 45 చుట్లకు మారిస్తే 1350 అవుతుంది. దిక్కు తెలియడానికి స్టీరియోను వాడుకున్నారు. ఎడమలోనూ కుడిలోనూ అదే స్వరం, కాకపోతే ఒకటి రెండోదానికంటే పావు తరంగం వెనకబడి ఉంటుంది. ప్లేటు వెనక్కి తిరిగితే వెనకున్నది ముందుకొస్తుంది. ఒకదాన్ని అడ్డంగా, ఇంకోదాన్ని నిలువుగా గీస్తే తెర మీద గుండ్రటి వలయం వస్తుంది. మిక్స్ సెట్టింగుల్లో దాన్ని చూడొచ్చు. ఒక వైరు ఊడితే వలయం గీతైపోతుంది. ఎర్ర వైరునూ తెల్ల వైరునూ తారుమారు చేసి పెడితే పాట వెనక్కి నడిచింది. పిల్లలు అన్నిటికంటే దీనికే ఎక్కువ నవ్వారు.

ఇక ముల్లు ఏ చోట ఉందో తెలియడం. నాకు మోజంతా ఇక్కడే. తరంగపు శిఖరం కాస్త ఎత్తుగా ఉంటే ఒకటి, పొట్టిగా ఉంటే సున్నా. ఒకట్లూ సున్నాలూ లక్షల్లో వరసగా ఉంటాయి. వాటిలో ఎక్కడ పట్టుకున్నా 20 అంకెలు చదివితే చాలు, ఆ 20 ఇంకెక్కడా అదే వరసలో రావు.

ఇదెలా సాధ్యమంటే, తెలుగు మాస్టారు వల్లె వేయించిన యమాతారాజభానసలగం గుర్తు తెచ్చుకోండి. పది అక్షరాలే. వరసగా ఏ మూడు తీసినా ఒక గణం. ఎనిమిది గణాలూ ఒక్కొక్కసారే వస్తాయి. గురువు ఒకటి, లఘువు సున్నా అనుకుంటే టైమ్‌కోడ్ దాదాపు ఇదే, మూడుకు బదులు ఇరవై. ఇంకో తమాషా ఉంది. మూడక్షరాలు తీసుకోండి. మొదటిదీ మూడోదీ ఒకే రకమైతే తర్వాతి అక్షరం లఘువు, వేరైతే గురువు. 'యమాతా'తో మొదలుపెడితే రా, జ, భా, న, స అన్నీ ఈ నియమం ప్రకారమే వస్తాయి. 'ల' దగ్గర తప్పుతుంది. తప్పకపోతే మూడు లఘువుల నగణానికి చోటుండదు. నియమాన్నే పట్టుకుంటే అన్నీ లఘువులైన చోట ఇక లఘువులే వస్తూ పోతాయి. సూత్రకారుడు నియమం తప్పి నగణాన్ని నిలబెట్టుకున్నాడు. టైమ్‌కోడ్ అంకెల్ని ఇలాంటి నియమంతోనే పుట్టించే యంత్రం నియమం తప్పదు కనుక నగణాన్ని, అంటే అన్నీ సున్నాలైన వరసను, వదులుకుంది. 20 అంకెలకు రెండును ఇరవైసార్లు హెచ్చవేసినన్ని చోట్లు రావాలి. ఒకటి తగ్గి 10,48,575 రావడానికి కారణం అదే. పదిహేను నిమిషాల వైపుకు సెకనుకు వెయ్యి చొప్పున కావలసినవి 9 లక్షలు. 19 అంకెలైతే 5 లక్షల చిల్లర దగ్గరే ఆగిపోయేది.

ఇంట్లో అమర్చుకునేవాళ్లకు రెండు మాటలు. ముల్లు ఇచ్చేది కొన్ని మిల్లీవోల్టులే, ఫోనో ప్రీయాంప్ తప్పనిసరి. ల్యాప్‌టాప్ మైకు రంధ్రం చాలావాటిలో మోనో. అందులో గుచ్చితే దిక్కు పోతుంది, కాబట్టి స్టీరియో ఇన్‌పుట్ ఉన్న సౌండ్ కార్డు కావాలి. బఫర్ 1024 శాంపిళ్లుంటే సెకనుకు 44,100 శాంపిళ్ల రేటు దగ్గర 23 మిల్లీసెకన్ల ఆలస్యం. వినేవాళ్లు పట్టుకోలేకపోవచ్చు గానీ స్క్రాచ్ చేసే చెయ్యి పట్టేస్తుంది. 128కి దించితే మూడు మిల్లీసెకన్లు.

ఈ ప్లేట్ల చరిత్ర క్లుప్తంగా. నెదర్లాండ్స్ కంపెనీ ఎన్‌టూఐటీ తయారుచేసిన ఫైనల్ స్క్రాచ్ ముందొచ్చింది. 2004లో న్యూజిలాండ్ సెరాటో, అమెరికా రేన్ కలిసి స్క్రాచ్ లైవ్‌తో దాన్ని వెనక్కి నెట్టాయి. తర్వాత ట్రాక్టర్ అనే సాఫ్ట్‌వేర్ పోటీకొచ్చింది. ఎవరి ప్లేటు వారి సాఫ్ట్‌వేర్‌కే. మార్క్ హిల్స్ లైనక్స్ కోసం రాసిన ఎక్స్‌వ్యాక్స్ మాత్రం సెరాటో ప్లేటునూ, ట్రాక్టర్ ప్లేటునూ చదివేసింది. పైగా సోర్స్ అందరికీ ఇచ్చేశాడు. 2001లో కోపెన్‌హాగన్‌లో ట్యూ హాస్టె ఆండర్సన్ పరిశోధనతో మొదలైన మిక్స్, ప్లేటు చదివే కోడ్‌ను ఎక్స్‌వ్యాక్స్ నుంచే తెచ్చుకుంది.

మన రిసెప్షన్లలో కనబడేవి ఈ ప్లేట్లు కావు, కంట్రోలర్లు. వాటి మీద చేత్తో తిప్పే చక్రానికీ (జాగ్ వీల్) దిక్కు తెలిసేది మామూలుగా పావు తేడాతో వచ్చే రెండు సిగ్నళ్ల వల్లే. పాటలో ఎక్కడున్నదీ మాత్రం చక్రానికి తెలియదు, ఎంత తిరిగిందో సాఫ్ట్‌వేర్ లెక్కపెట్టుకుంటుంది. ముల్లు ఎత్తి మధ్యలో పెట్టినట్టు ఆ చక్రంతో కుదరదు.