ముసలితనానికి దూరమే కొలత

చిక్కడపల్లి త్యాగరాయ గానసభ లాంటి వేదిక మీద పాతికేళ్ల నటుడు తాతగా కనిపించాలంటే ముదురు గీతలు తప్పవు. అక్కడికి నడిచి వెళ్లే దూరంలోనే ఆర్టీసీ క్రాస్ రోడ్స్ సినిమా హాళ్లున్నాయి. అదే ముఖాన్ని ఆ తెర మీద క్లోజప్‌లో చూపిస్తే జనం నవ్వుతారు. అంతమాత్రాన నాటకం మేకప్‌ది మోటుపని అనడం అన్యాయం. చివరి వరుసలో కూర్చున్నవాడికి సన్నని ముడతలు ఆనవు, స్టేజి లైట్లే వాటిని మింగేస్తాయి. మేకప్ సహజంగా ఉందా లేదా అన్నది చూసేవాడి దూరాన్ని బట్టే తేలుతుంది. అయితే ఎంత దూరానికైనా గీత ఒక్కటే గీస్తే మురికి అంటినట్టుంటుంది. ముడత అంటే పొలంలో కాలువ లాంటిది, పల్లం పక్కనే గట్టూ ఉండాలి. ముక్కు పక్కనుంచి పెదవి చివరికి దిగే మడతలో ముదురు రంగు వేసి, పై అంచున లేతరంగు అద్దితేనే బుగ్గ జారినట్టు అనిపిస్తుంది.

కెమెరా దగ్గరికి వచ్చేసరికి రంగు చాలదు, చర్మమే ముడుచుకోవాలి. కంటి కింది చర్మాన్ని వేళ్లతో లాగిపట్టి, లిక్విడ్ లాటెక్స్‌ను స్పాంజితో పల్చగా అద్ది, డ్రయ్యర్‌తో ఆరబెట్టి, పౌడర్ చల్లి వదిలేస్తారు. లాగిన చర్మం వెనక్కి రాగానే సహజమైన గీతల వెంటే సన్నని ముడతలు పడతాయి. లాటెక్స్ కొందరికి పడదు కాబట్టి ముందుగా చేతి మీద రాసి చూడటం తప్పనిసరి. వయసు ఇంకా పెంచాలంటే ముఖానికి అచ్చు తీసి అతుకులు పోస్తారు. 1970లో వచ్చిన 'లిటిల్ బిగ్ మ్యాన్'లో ముప్ఫై దాటిన డస్టిన్ హాఫ్‌మన్‌ను మేకప్ కళాకారుడు డిక్ స్మిత్ 121 ఏళ్ల వృద్ధుడిగా మార్చాడు. మొత్తం ముఖానికి ఒకే తొడుగు వేయకుండా ఫోమ్ లాటెక్స్ ముక్కలు విడివిడిగా అతికించాడు, ముఖం కదలాలి కాబట్టి. 1996 నాటి 'భారతీయుడు'లో నలభై దాటిన కమల్‌హాసన్ సేనాపతి అనే వృద్ధుడిగా కనిపించడం వెనకా ప్రోస్థెటిక్ మేకప్పే ఉంది.

నటన ఉంటే ఇంత హంగామా దేనికని అడగొచ్చు. 1962లో వచ్చిన 'మహామంత్రి తిమ్మరుసు'లో గుమ్మడి తనకన్నా నాలుగేళ్లు పెద్దయిన ఎన్టీఆర్‌కు పెద్దదిక్కయిన మంత్రిగా నప్పారు. గొంతు, నడక, చూపు సగం పని చేస్తాయన్నది నిజమే. ఆ సగాన్ని పాడుచేయకపోవడమే మేకప్ బాధ్యత. గ్రాఫిక్స్ ఉన్నాక ఇవన్నీ ఎందుకన్నది రెండో ప్రశ్న. 2019లో 'ది ఐరిష్‌మన్' కంప్యూటర్‌తో నటుల ముఖాలకు వయసు తగ్గించినా, నడకలో, దెబ్బలాటలో ఒళ్లు మాత్రం ముసలిదేనని ప్రేక్షకులు పట్టేశారు. ముఖం ఒక వయసు, మెడ, చేతులు ఇంకో వయసు చెబితే ఏ సాంకేతికతా కాపాడదు. కాబట్టి చేతిలో డబ్బు తక్కువున్న నాటక సమాజాలు ఖరీదైన అతుకుల కోసం బెంగపడక్కర్లేదు. మెడకూ చేతులకూ కూడా రంగు వేసి, తెర లేవకముందు ఒకరు చివరి వరుసకు వెళ్లి చూసి రావాలి. షూటింగ్ అయితే నటుణ్ని ఒకసారి గట్టిగా నవ్వమనాలి. అతుకు ఎక్కడ లేచిందో, ముడత ఎక్కడ కదల్లేదో అప్పుడే బయటపడుతుంది.